ఫ్యాక్టరీల్లో కరెంటు, బొగ్గు, ఊక వాడకంపై సర్వే: బిల్లు లేని ఇంధనాన్ని ఎలా రాసుకోవాలి?

ఇంధనలెక్క అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారమండీ. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని తయారీ యూనిట్లు ఏడాదికి ఎంత కరెంటు, ఎంత డీజిల్, గ్యాసు, బొగ్గు, కర్ర, ఊక వాడుతున్నాయో లెక్క తీసే సర్వే మా విభాగం చేపట్టింది. పలాస కాశీబుగ్గ జీడిపప్పు యూనిట్లు, రైసు మిల్లులు, జూట్ మిల్లులు, టెక్కలి గ్రానైటు యూనిట్లు, బొబ్బిలి గ్రోత్ సెంటరులోని ఫెర్రో అల్లాయిస్ (ఉక్కులో కలిపే మిశ్రమలోహాలు) యూనిట్లు, పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీలు అన్నీ ఇందులో ఉండాలి.

ప్రశ్నపత్రం చిత్తుప్రతి పట్టుకుని కొన్నిచోట్ల అడిగి చూస్తే నాలుగు చోట్ల ఆగిపోయాం. కరెంటు బిల్లులో యూనిట్లు రెండు మూడు రకాలుగా ఉన్నాయి, ఏది రాయాలి? ఊక, జీడిపిక్క తొక్క లాంటివి సొంత మిల్లులోనే వస్తాయి కాబట్టి బిల్లూ లేదు, తూకమూ లేదు. అలాంటప్పుడు అంకె ఎక్కడి నుంచి తేవాలి? ఫెర్రో ఫర్నేసులో వేసే కోక్‌ను (గాలి తగలకుండా కాల్చిన బొగ్గు) ఇంధనం కింద రాయాలా, ముడిసరుకు కింద రాయాలా? సొంతంగా కరెంటు పుట్టించుకునే చోట ఆ కరెంటునీ, దానికి కాల్చిన ఇంధనాన్నీ రెండిటినీ కలపవచ్చా? ఈ పని తెలిసినవారు కొంచెం వివరంగా చెప్పగలరు.

---

హెచ్‌టీ మీటరు

కరెంటు సంగతి నేను చెప్తాను.

హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ) సర్వీసులకు బిల్లు వేసేది కేవీఏహెచ్ మీద, అంటే లైను నుంచి లాగిన మొత్తం మీద. మీకు కావాల్సింది కేడబ్ల్యూహెచ్, అంటే నిజంగా పనికి వాడిన యూనిట్లు. బిల్లులో రెండూ ఉంటాయి, కేడబ్ల్యూహెచ్ వరసే రాసుకోండి. పవర్ ఫ్యాక్టర్ (ఈ రెండిటి నిష్పత్తి) 0.96 ఉన్న యూనిట్‌లో లక్ష కేవీఏహెచ్ అంటే 96 వేల కేడబ్ల్యూహెచ్. ఆ నిష్పత్తిని పెంచే కెపాసిటర్లు పాడైన చోట ఈ తేడా ఇంకా పెరుగుతుంది. సర్వేలో కొందరు ఒకటి, కొందరు ఇంకొకటి రాసుకొస్తే తర్వాత విడదీయడం ఎవరి తరమూ కాదు.

రెండోది మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్, అంటే మీటరు అంకెను అసలు యూనిట్లుగా మార్చే గుణకం. మీటరు అంకెలు నేరుగా చూసి రాసుకుంటే దాన్ని మరవకూడదు. 11 కేవీ సర్వీసుకు పీటీ (మీటరు కోసం వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు) 11,000/110, సీటీ (కరెంటు తగ్గించేది) 100/5 ఉండి మీటరు సెకండరీ (తగ్గించిన) విలువలు చూపిస్తుంటే 100ను 20తో గుణించి 2,000 వస్తుంది. అంటే మీటరులో 46.2 తిరిగితే వాడకం 92,400 యూనిట్లు. మీటరును 50/5 సీటీకి సెట్ చేసి, బయట 100/5 సీటీ పెట్టిన చోట ఫ్యాక్టర్ 2 మాత్రమే ఉంటుంది. కాబట్టి ఈ అంకెను మీరు ఊహించి వేయకండి, ఆ సర్వీసు బిల్లు మీద ఏది ఉంటే అదే.

రూపాయలను రేటుతో భాగించి యూనిట్లు తీయడం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. బిల్లు మొత్తంలో డిమాండ్ ఛార్జీ ఉంటుంది, అంటే ఒకేసారి లాగే గరిష్ఠ లోడు మీద వేసేది. రికార్డయిన డిమాండ్, కాంట్రాక్టు డిమాండులో (ఒప్పందం చేసుకున్న గరిష్ఠ లోడు) 80 శాతం, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి వేస్తారు. ఫర్నేసు నెలంతా ఆపేసినా ఆ బిల్లు వస్తూనే ఉంటుంది. దాని మీద టైమ్ ఆఫ్ డే తేడాలు (వాడిన వేళను బట్టి మారే రేటు), ఎలక్ట్రిసిటీ డ్యూటీ, పాత ఏళ్ల ట్రూఅప్ బకాయిలు (అప్పటి ఖర్చుల సర్దుబాటు). ఎప్పుడో వాడిన కరెంటు డబ్బు ఈ ఏడాది బిల్లులో కూర్చుంటుంది, దాన్ని భాగించి ఏం తేల్చగలం?

ఏప్రిల్‌లో చేతికొచ్చిన బిల్లు మార్చి వాడకానిది కావచ్చు. రీడింగు తేదీలు చూసి ఏప్రిల్ నుంచి మార్చి వరకు 12 బిల్లులు వరసగా పేర్చండి. ఆవరణలో సర్వీసు నంబర్లు ఎన్ని ఉన్నాయో విడిగా అడగండి. మిల్లుకు హెచ్‌టీ, ఆఫీసుకూ గోడౌనుకూ ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) ఉండటం మామూలే. కార్మికుల క్వార్టర్లకు అదే హెచ్‌టీ నుంచి ఇస్తుంటే సబ్‌మీటరు చూసి తీసేయాలి.

కప్పు మీద సోలారు ఉన్నచోట బిల్లు సగం కథే చెప్తుంది. పలకల నుంచి వచ్చి అక్కడికక్కడే వాడేసిన కరెంటు డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) మీటరుకు కనబడదు. సోలారు జనరేషన్ మీటరు రీడింగు విడిగా తీసుకోవాలి. గ్రిడ్ నుంచి తీసుకున్నది 40 వేలు, పలకలు ఇచ్చింది 12 వేలు, గ్రిడ్‌కు పంపింది 3 వేలు అయితే వాడకం 49 వేల యూనిట్లు. ఓపెన్ యాక్సెస్‌లో, అంటే డిస్కం తీగల మీదుగా బయటి ఉత్పత్తిదారు నుంచి కొనేవాళ్లకు ఆ సర్దుబాటు బిల్లు వెనక పేజీలోనో, జత చేసిన షీటులోనో ఉంటుంది. అది అడిగి తీసుకోండి.

జనరేటరు దగ్గర అవర్ మీటరు, డీజిల్ రిజిస్టరు రెండూ చూడండి. 70–80 శాతం లోడు మీద లీటరుకు 3.2 నుంచి 3.7 యూనిట్లు వస్తాయి. పెద్ద జనరేటరు మీద చిన్న లోడు నడిపితే 3 కంటే కిందికి పడిపోతుంది. లీటరుకు 5 యూనిట్లు చెప్పారంటే డీజిల్ అంకె తక్కువ రాసినట్టు, లేకపోతే అవర్ మీటరును పూర్తి కేవీఏతో గుణించేసినట్టు.

ఇవన్నీ అక్కడికక్కడే కిలోకేలరీల్లోకి మార్చేసి మొత్తం వేసుకుంటే యూనిట్ గేటు దాటకముందే తప్పు పట్టుకోవచ్చు.

---

కాశీబుగ్గ పిక్క

జీడి యూనిట్లలో ‘తొక్క ఎంత కాల్చారండీ’ అని అడిగితే వచ్చే జవాబు ఒకటే: “ఎవులు తూకమేసినారు బాబూ, మన తొక్కే కదా.” నిజమే, ఎవరూ తూచరు. కాబట్టి తొక్క గురించి ముందు అడగొద్దు, పిక్క గురించి అడగండి. పిక్కకు లెక్క ఉంటుంది, ఎందుకంటే దానికి డబ్బు పెట్టారు.

బస్తా 80 కిలోలు. రోజుకు 50 బస్తాలు ఆడే యూనిట్ అంటే 4 టన్నుల పిక్క. పప్పు 20 నుంచి 25 శాతం దిగుతుంది. ఎండలో పోయే తేమ, పొట్టు తీసేస్తే మిగిలేదంతా తొక్కే, బరువులో సుమారు 70 శాతం. అంటే రోజుకు 2.8 టన్నుల అటూఇటూ. ఇప్పుడు ఈ తొక్క ఎటు పోయిందో అడగండి. నూనె తీసేవాళ్లకు అమ్మినది వేబిల్లు మీద ఉంటుంది. యార్డులో కుప్ప ఎంత ఉందో కళ్లకు కనిపిస్తుంది. ఏడాది మొదట్లో కుప్ప, చివర్లో కుప్ప, అమ్మినది, ఈ మూడూ సరిచూస్తే మిగిలింది బాయిలర్లో కాలినట్టు. యజమాని నోటి అంకె కంటే ఇది నమ్మదగ్గది.

యూనిట్ ఏ పద్ధతిదో ముందే గుర్తు పెట్టుకోండి. ఆవిరి మీద ఉడికించే యూనిట్లలో చిన్న బాయిలరు, కుక్కరు ఉంటాయి. డ్రమ్ము రోస్టింగులో తొక్కలోని నూనె డ్రమ్ములోనే అంటుకుని ఆ మంట మీదే పిక్క వేగుతుంది. అక్కడ బయటి నుంచి వేసే కర్ర కొంచెమే, ‘ఇంధనం పెద్దగా లేదు’ అనే చెప్తారు. కాని కాలింది తొక్కనూనె, దానికీ ఒక వరస ఉండాలి. ఈ రెండు పద్ధతులనూ ఒకే సగటులో కలిపేస్తే ఆ అంకె ఏ యూనిట్‌కూ సరిపోదు.

నూనె తీసిన తొక్క పిండి మళ్లీ బాయిలరుకే తిరిగొచ్చే చోట్లున్నాయి. పచ్చి తొక్క కిలోకు 4,500 నుంచి 5,000 కిలోకేలరీలిస్తుంది. బరువులో ఐదోవంతు నుంచి నాలుగోవంతు నూనె పిండేశాక మిగిలిన పిండికి అంత ఉండదు. పత్రంలో ‘తొక్క’, ‘నూనె తీసిన తొక్క’ అని రెండు వరసలు పెట్టండి.

పప్పు ఆరబెట్టే బోర్మాను మరవకండి. 70 డిగ్రీల దగ్గర ఆరు నుంచి ఎనిమిది గంటలు పెడతారు. కొన్ని ఆవిరితో నడుస్తాయి, కొన్ని కరెంటు హీటర్లతో, ఇంకా కొన్నిచోట్ల కర్రబొగ్గుతో. ఒకే సైజు యూనిట్లు రెండిటి కరెంటు బిల్లుల్లో పెద్ద తేడా వచ్చిందంటే ముందు అడగాల్సింది బోర్మా సంగతి. ‘బోర్మా దేనితో’ అన్న ఒక్క ప్రశ్న చాలు.

పరాయివాళ్ల పిక్క కూలికి ఆడే యూనిట్లు చాలా ఉంటాయి. పిక్క ఎవరిదైనా ఇంధనం రాయాల్సింది అది కాలిన చోటే. పుస్తకంలో కొనుగోలు లేదు కదా అని సున్నా వేసేస్తే ఆ యూనిట్ సర్వే నుంచి మాయమైపోతుంది.

---

ఊక బాయిలరు

జీడి తొక్కకు పైన చెప్పిన పద్ధతే ఊకకూ పనికొస్తుంది. ఉప్పుడు మిల్లుల్లో ఇంకో రెండు దారులున్నాయి, ఒకదానితో ఇంకోదాన్ని సరిచూసుకోవచ్చు.

వడ్ల బరువులో ఊక 20 నుంచి 22 శాతం. రోజుకు 80 టన్నుల వడ్లు ఆడే మిల్లులో 21 శాతం వేసుకుంటే 16.8 టన్నులు. బాయిలరు ఎంత తింటుందో నీళ్ల మీటరు నుంచి తీయండి. నీళ్లు 60 డిగ్రీల్లో లోపలికి వెళ్లి ఏడెనిమిది కిలోల ప్రెషరు ఆవిరిగా మారడానికి కిలోకు దాదాపు 600 కిలోకేలరీలు కావాలి. ఊక కిలోకు 3,100 కిలోకేలరీలు, బాయిలరు సామర్థ్యం 65 శాతం అనుకుంటే కిలో ఊకకు 3.3 కిలోల ఆవిరి పైచిలుకు వస్తుంది. రోజుకు 30 కిలోలీటర్ల నీళ్లు పోసే బాయిలరు 9 టన్నుల ఊక కాల్చినట్టు. బ్లోడౌన్ నీళ్లు (బాయిలరు శుభ్రం కోసం బయటికి వదిలేసేవి) ముందే తీసేయండి. ఇక మిగిలిన 7.8 టన్నులు ఇటుక బట్టీలకో, వేరే బాయిలర్లకో అమ్మి ఉండాలి. గేటు రిజిస్టరులో అంత కనబడకపోతే మీ 65 శాతం తప్పు. పాత బాయిలర్లు, ట్యూబుల మీద మసి పట్టినవి 55 దగ్గరే ఉంటాయి.

నీళ్ల మీటరు లేకపోతే స్క్రూ కన్వేయరు నోటి దగ్గర పది నిమిషాలు ఊకను బస్తాల్లోకి పట్టి కాటా వేయండి. నానబెట్టే వేళ ఒకసారి, డ్రయర్లు నడిచే వేళ ఒకసారి, రెండూ కలిసి నడిచే వేళ ఇంకోసారి. ఒకే వేళ పట్టి 24తో గుణిస్తే లెక్క ఎటో పోతుంది, ఎందుకంటే డ్రయరు ఆగితే బాయిలరు సగానికి పడిపోతుంది. బస్తాలు పట్టే మనిషికి మాస్కు ఇవ్వండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

బూడిద మూడో సాక్ష్యం. ఊక బరువులో 18–20 శాతం బూడిదే. 9 టన్నులకు 1.7 టన్నుల బూడిద రావాలి. ట్రాక్టరు లెక్కలతో పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త: నీళ్లు చల్లి ఎత్తిన బూడిద అసలు బరువు కంటే చాలా ఎక్కువ తూగుతుంది.

తేదీ విషయం కూడా చూసుకోవాలి. ఖరీఫ్ వడ్లు డిసెంబరు నుంచి ఆడతారు కాబట్టి మార్చి 31న ఊక గది నిండుగా ఉండే అవకాశం ఎక్కువ. అప్పటి నిల్వ తీసేయకుండా వచ్చిన ఊకంతా కాల్చేశారని రాస్తే వాడకం పెరిగి కనిపిస్తుంది.

పచ్చి బియ్యం మాత్రమే ఆడే మిల్లులకు బాయిలరే ఉండదు. వాళ్ల ఊక అంతా అమ్మకమే. వాళ్ల పత్రంలో ఊక వాడకం సున్నా ఉంటే అది సరైన జవాబే, ఖాళీ అనుకుని వెనక్కి పంపకండి.

---

ఫర్నేసు దగ్గర

కోక్ ప్రశ్నకు వస్తాను. సబ్‌మెర్జ్‌డ్ ఆర్క్ ఫర్నేసులో (ముడిసరుకులో మునిగిన ఎలక్ట్రోడ్లతో కరిగించే కొలిమి) వేడి ఇచ్చేది కరెంటు. సిలికో మాంగనీసు టన్నుకు 3,800 నుంచి 4,500 యూనిట్లు పడుతుంది. కోక్, బొగ్గు అందులో వేసేది ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేయడానికి, అంటే రిడక్టెంటుగా. అది ఇంధనం కాదు. అలాగని వదిలేయకూడదు, ఎందుకంటే అది కూడా బొగ్గే, జిల్లాకు రైలెక్కి వచ్చిన బొగ్గే. పత్రంలో ప్రతి ఇంధనానికీ రెండు గడులు ఉండాలి: వేడి, ఆవిరి, కరెంటు కోసం కాల్చినది ఒకటి, సరుకులో లేక రసాయన చర్యలో పోయినది ఇంకొకటి. అమెరికాలో ఎనర్జీ ఇన్ఫర్మేషన్ అడ్మినిస్ట్రేషన్ 1985 నుంచి తయారీ రంగం మీద చేస్తున్న సర్వే కూడా ఇలాగే విడదీస్తుంది. ఇప్పుడది నాలుగేళ్లకోసారి జరుగుతోంది.

ఎలక్ట్రోడ్ పేస్టు కూడా రెండో గడిలోకే. అదే ఫ్యాక్టరీలో ల్యాడిల్ (కరిగిన లోహం పట్టే పాత్ర) వేడి చేయడానికి వాడే ఆయిలో గ్యాసో మొదటి గడిలోకి. స్టోర్సు రిజిస్టరులో రెండు బొగ్గులూ ‘కోల్’ అన్న ఒకే పద్దు కింద ఉంటాయి, ఎంత ఎటు పోయిందో తెలిసేది ఫర్నేసు ఛార్జ్ షీటులోనే. అకౌంటెంటును కాదు, షిఫ్ట్ ఇన్‌ఛార్జిని అడగండి.

జూట్ మిల్లుల్లో ఇలాంటి ఉచ్చే ఇంకొకటుంది. నార మెత్తబడటానికి చల్లే బ్యాచింగ్ ఆయిల్ పెట్రోలియం సరుకే, డ్రమ్ములకు డ్రమ్ములు వస్తుంది, కొనుగోలు పుస్తకంలో డీజిల్ పక్కనే కూర్చుంటుంది. కాని అది కాలేది కాదు, గోనెలో కలిసిపోయేది. దాన్ని ఇంధనంలో వేస్తే జూట్ మిల్లు ఆయిల్ మీద నడుస్తున్నట్టు కనిపిస్తుంది. నిజానికి అది నడిచేది మోటార్ల మీద. మందుల ఫ్యాక్టరీల్లో దీనికి ఎదురు: సాల్వెంటును ముడిసరుకుగా కొంటారు, వాడేశాక మిగిలిన దాన్ని కొందరు కాలుస్తారు. కొన్నప్పుడు ముడిసరుకు, కాల్చినప్పుడు ఇంధనం. రెండు చోట్లా పూర్తి పరిమాణం రాస్తే రెట్టింపు లెక్క.

సొంత కరెంటుదీ ఇదే సూత్రం. చక్కెర ఫ్యాక్టరీలో 1,000 టన్నుల చెరకుకు 300 టన్నుల దగ్గర పిప్పి వస్తుంది, సగం తేమే. ఆ పిప్పి బాయిలరుకు, ఆవిరి టర్బైనుకు, టర్బైను విడిచిన ఆవిరి రసం కాచడానికి. పిప్పిని ఒక్కసారి రాయండి. దాన్నుంచి పుట్టిన కరెంటు, ఆవిరి సమాచారం కోసం పక్క గడిలో ఉండొచ్చు, మొత్తంలో కలపకూడదు. గ్రిడ్‌కు అమ్మిన యూనిట్లు తీసివేతకు వేరే గడి. జనరేటరు డీజిల్‌కూ అంతే: డీజిల్ లెక్కలోకి, దాని యూనిట్లు పక్కకు. సోలారులో కాలేది ఏమీ లేదు కాబట్టి అక్కడ మాత్రం కరెంటునే కలుపుతాం.

---

ఇంధనలెక్క

చాలా ధన్యవాదాలండీ. రెండు గడుల మాట మా చిత్తుప్రతిలో అసలు లేదు, ఇప్పుడు చేరుస్తున్నాం. ఇంకో రెండు సందేహాలు. కర్రను ‘లోడు’ లెక్కన చెప్తున్నారు, లోడంటే ఒక్కొక్కరికి ఒక్కో బరువు. దాన్నెలా? ఇక యూనిట్ల జాబితా ఎక్కడి నుంచి తీసుకోవాలి? మా దగ్గరున్నది పాతది, కొన్ని పేర్లు రెండు జిల్లాల్లోనూ వస్తున్నాయి.

---

కాటా

కర్రకు బరువుతో పాటు తేమ అడగకపోతే ఆ అంకెకు అర్థం లేదు. కొట్టిన వారంలోనే దిగిన సరుగుడు లోడులో 45 శాతం నీళ్లే ఉండొచ్చు. అదే లోడు మూడు నాలుగు నెలలు ఎండితే 20కి దిగుతుంది. 10 టన్నుల పచ్చి కర్రలో అసలు కర్ర 5.5 టన్నులు, 10 టన్నుల ఎండు కర్రలో 8. నీళ్లను ఆవిరి చేయడానికి పోయే వేడి కూడా తీసేస్తే పచ్చిది కిలోకు 2,000 కిలోకేలరీలు, ఎండుది 3,200 వస్తాయి. ఒకటిన్నర రెట్ల పైన తేడా, ‘లోడు’ అన్న మాట వెనక దాక్కుని ఉంటుంది.

చేయాల్సింది: కర్ర సరఫరా చేసేవారి వేబ్రిడ్జి చీటీలు కనీసం పది తీసి సగటు లోడు బరువు కట్టండి, ట్రాక్టరుకు వేరుగా, లారీకి వేరుగా. పిన్నులు గుచ్చే తేమ మీటరు చవకే, కొనుక్కోండి. కాని పైబెరడులో గుచ్చితే ఎండు అంకె చూపిస్తుంది. దుంగను గొడ్డలితో చీల్చి లోపలి ముఖం మీద గుచ్చాలి. సరుగుడా, జామాయిలా, మామిడా, జీడి మానా అన్నది కూడా రాయండి, తర్వాత ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవడానికి పనికొస్తుంది.

హెచ్‌టీ మీటరు గారి చివరి మాటతో నేను ఏకీభవించను. యూనిట్ దగ్గరే కిలోకేలరీల్లోకి మార్చొద్దండీ. ఫీల్డులో రాయాల్సింది లీటర్లు, కిలోలు, యూనిట్లు, బస్తాలు. బస్తా అన్నచోట ఒక బస్తా బరువు. మార్పిడి గుణకాలు ఆఫీసులో ఒకే పట్టికలో ఉండాలి. ఒక సర్వేయరు ఊకకు 3,000 వేసి, ఇంకొకరు 3,400 వేస్తే అసలు టన్నులు ఎన్నో వెనక్కి తీయలేం. అక్కడికక్కడే తప్పు పట్టుకోవడానికి టన్ను సరుకుకు ఎన్ని యూనిట్లు, ఎన్ని లీటర్లు అన్న నిష్పత్తి చాలు.

ఆఫీసు పట్టికకు: కరెంటు యూనిట్‌కు 860 కిలోకేలరీలు, డీజిల్ లీటరుకు సుమారు 9,000, కోటి కిలోకేలరీలు ఒక టన్ను ఆయిల్‌కు సమానం. లక్ష యూనిట్ల కరెంటు అంటే 8.6 టన్నులు. పవర్ ప్లాంటులో పోయే నష్టాన్ని ఇందులో కలపకండి, అది వేరే ప్రశ్న. బొగ్గుకు మాత్రం పట్టిక విలువ వేయొద్దు, సరఫరాదారు ఇచ్చిన గ్రేడు కాగితం అడగండి. గ్రేడును బట్టి విలువ చాలా మారుతుంది. స్థూల, నికర (నీటి ఆవిరితో పోయే వేడి తీసేసిన) విలువల్లో ఏదో ఒకటి ఎంచుకుని అన్నిటికీ అదే వాడండి. నేను పైన కర్రకు ఇచ్చినవి నికర విలువలు, డీజిల్‌కు ఇచ్చింది స్థూల విలువ. అలాగే కలిపేయకండి.

గ్యాసు సిలిండర్లలో చెప్తే 19 కిలోలదా, ఇంకా పెద్దదా అడగండి. టెక్కలి గ్రానైటు యూనిట్లలో ఫ్లేమ్ ఫినిషింగుకు గ్యాసు, ఆక్సిజన్ వాడతారు. ఆక్సిజన్ ఇంధనం కాదు, ఆ సిలిండర్లు లెక్కలో కలవకుండా చూసుకోండి. క్వారీలో తాగిన డీజిల్ గనిది, పాలిష్ యూనిట్‌ది కాదు. ఒకే యజమాని, ఒకే డీజిల్ ఖాతా అయితే వాహనాల వారీగా విడగొట్టాలి. ఆవరణలో తిరిగే లోడరు, ఫోర్క్‌లిఫ్టు డీజిల్ రాయండి, సరుకు తీసుకుని ఊళ్లు తిరిగే లారీలది వద్దు.

---

చట్రం

జాబితా సంగతి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం, సంతకవిటి, వంగర, రేగిడి ఆమదాలవలస మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకు వచ్చాయి. పాలకొండ, పార్వతీపురం, సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్లాయి. రాజాం జూట్ మిల్లు పాత జాబితాలో ఒక జిల్లా, కొత్త జాబితాలో ఇంకో జిల్లా. మీకు రెండుసార్లు వస్తున్న పేర్లు చాలామటుకు ఇవే అయుంటాయి. మండలం పేరు, పిన్‌కోడు, విద్యుత్ సర్వీసు నంబరు కలిపి ఒక గుర్తింపు చేసుకోండి. సర్వీసు నంబరు ఒకటైతే యూనిట్ ఒకటే. పాత సంవత్సరాల జిల్లా అంకెలతో పోల్చాలనుకుంటే మండలాల వారీగా మళ్లీ కూర్చాలి.

ఫ్యాక్టరీల చట్టం జాబితా ఒక్కటే చాలదు. 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న ఆ చట్టం ప్రకారం కరెంటు వాడుతూ 10 మంది, కరెంటు లేకుండా 20 మంది పనివాళ్లున్న చోట్లే అందులోకి వచ్చేవి. కేంద్రం చేసే వార్షిక పరిశ్రమల సర్వే కూడా ప్రధానంగా ఆ జాబితా మీదే నడుస్తూ వచ్చింది. చిన్న జీడి యూనిట్లు, ఇటుక బట్టీలు, నూనె గానుగలు చాలావరకు బయటే ఉంటాయి. డిస్కం ఇండస్ట్రియల్ సర్వీసులు, బాయిలర్ల శాఖ రిజిస్ట్రేషన్లు, కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు కలిపితేనే జాబితా నిండుతుంది. ఇటుక బట్టీకి కరెంటు కనెక్షనే లేకపోవచ్చు, అది ఈ మూడిట్లోనూ కనబడకపోవచ్చు. నాగావళి, వంశధార ఒడ్డు మండలాల్లో తిరిగి రాసుకోవాల్సిందే.

వార్షిక సర్వే పత్రంలో కరెంటు, బొగ్గులకు పరిమాణం అడుగుతారు. పెట్రోలు, డీజిల్, ఆయిల్, లూబ్రికెంట్లు అన్నీ కలిపి ఒకే వరసలో రూపాయల్లో ఉంటాయి. సొంత ఊక దాదాపు కనిపించదు. మీ సర్వే విలువంతా ఆ ఖాళీ నింపడంలోనే ఉంది కాబట్టి అక్కడే ఎక్కువ సమయం పెట్టండి.

శాంపుల్‌ను పనివాళ్ల సంఖ్య మీద తీయకండి. వంద మంది పప్పు ఏరే యూనిట్ కంటే కొద్దిమంది నడిపే ఫర్నేసు వందల రెట్లు కరెంటు తాగుతుంది. కాంట్రాక్టు డిమాండ్ మీద వరసలు కట్టి, ఫెర్రో, చక్కెర, పెద్ద మందుల ఫ్యాక్టరీలు, జూట్ మిల్లులు అన్నిటికీ వెళ్లండి. ఎల్‌టీ యూనిట్లలో మాత్రమే శాంపుల్. జీడిలో ఆవిరి పద్ధతి, రోస్టింగు విడివిడి వరసలు. రైసులో ఉప్పుడు, పచ్చి విడివిడిగా.

ఫలితాలు వేసేటప్పుడు, ఒక గడిలో మూడు యూనిట్ల కంటే తక్కువ ఉంటే ఆ అంకె వేయొద్దు, పక్క పరిశ్రమతో కలపండి. జిల్లాలో ఒకటే చక్కెర ఫ్యాక్టరీ ఉంటే ‘చక్కెర రంగం’ అన్న వరస ఆ ఫ్యాక్టరీ లెక్కే. ఈ మాట మొదటి పేజీలోనే రాసి చూపిస్తే యజమానులు రిజిస్టర్లు తీస్తారు. వాళ్ల భయం పన్ను అధికారులకో, పోటీదారుకో తెలిసిపోతుందని. ఆ భయం అన్యాయమైనది కాదు.

---

ఊక బాయిలరు

ఒక ప్రశ్న చేర్చమని నా మనవి: ఈ బాయిలరు 30 రోజుల్లో, పెద్ద మార్పులు లేకుండా వేరే ఇంధనం మీద నడవగలదా? పైన చెప్పిన అమెరికా సర్వేలో ఇది ఉంది, మన దగ్గర ఇంకా అవసరం. ‘నడుస్తుంది’ అన్న జవాబుతో ఆగకండి, ఫీడరు (ఇంధనం లోపలికి వేసేది), గ్రేటు (ఇంధనం కాలే జాలీ) చూడండి. ఊకకు కట్టిన ఫ్లూయిడైజ్డ్ బెడ్ బాయిలర్లో (కింది నుంచి ఊదే గాలికి తేలే ఇసుకలో ఇంధనం కాలేది) కర్ర దుంగలు వేయలేరు, చిప్పులు చేయాలి. బొగ్గు బాయిలర్లో ఊక వేస్తే బూడిదలోని సిలికా ట్యూబులను గీకేస్తుంది. ఊక బాయిలర్లో జీడి తొక్క కలిపితే నూనె పొగ ట్యూబుల మీద తారులా పడుతుంది, చిమ్నీ దగ్గర ఊరివాళ్ల ఫిర్యాదులు మొదలవుతాయి. అందుకే జవాబు పక్కన ‘ఎప్పుడైనా అలా నడిపారా, ఎంత శాతం కలిపారు’ అని రెండో గడి పెట్టండి. నడిపి చూసినవారి అంకెను, నడుస్తుందనుకునే వారి అంకెను వేర్వేరుగా ఉంచండి.

---

ఇంధనలెక్క

చేరుస్తామండీ. ఏడాదిలో కొన్ని నెలలు మూసి ఉన్న యూనిట్లను వదిలేయాలా?

---

హెచ్‌టీ మీటరు

వదలొద్దు. ముందుగా కాటా గారు చెప్పింది సరైనది, ఫీల్డులో మార్పిడి వద్దు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మూసిన యూనిట్‌కు నడిచిన నెలలు ఎన్నో రాసి, వాడకాన్ని ఉన్నది ఉన్నట్టు వేయండి. పన్నెండు నెలలకు పెంచి రాయకండి. మూసిన నెలల్లో కూడా పంపులు, లైట్లు, ట్రాన్స్‌ఫార్మరు నష్టం కింద యూనిట్లు తిరుగుతాయి, అవీ వాడకమే. ఏడాదంతా మూసి ఉంటే ‘మూత’ అని రాసి శాంపులులోనే ఉంచండి. పక్క మిల్లును దాని బదులు వేస్తే జిల్లాలో మూతపడ్డ మిల్లులు లేనట్టే లెక్క తేలుతుంది.